సరస్వతి ఆకా, అశ్వగంధా, దూలగొండా? మతిమరుపు మొదలైన ఇంట్లో ఏది ఎంచుకోవాలి

పోయిన శ్రావణంలో మా నాయన పింఛను పని మీద బ్యాంకుకు బయల్దేరి, కడప ఏడురోడ్ల దగ్గర ఆటో దిగి, ఏ రోడ్డున పోవాలో తెలియక అరగంట అక్కడే నిలబడిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ కూడలి మీదుగా ఆఫీసుకు పోయివచ్చిన మనిషి. తెలిసినవాళ్లెవరో చూసి ఇంటికి తెచ్చి దింపారు. చెప్పులు విప్పుతూ, నా ముఖం చూడకుండా, "దావ మరిచిపోయినానమ్మా" అన్నాడు.

వారం తిరిగేసరికి మా అలమరలో ఐదు సీసాలు చేరాయి. మేనత్త సరస్వతి లేహ్యం పంపింది. చిన్నాయన ప్రొద్దుటూరు నుంచి అశ్వగంధ చూర్ణం తెచ్చాడు. అమెరికాలో ఉన్న అక్క కొడుకు జింకో క్యాప్సూల్స్ పంపించాడు. ఎదురింటి పెద్దాయన పేరు లేని సీసాలో దూలగొండి గింజల పొడి ఇచ్చాడు. పసుపు, మిరియాలు కలిపిన మాత్రలు నేనే కొన్నాను. సీసాల మీద ఇంచుమించు ఒకటే రాత: మెదడు కణాలు చచ్చిపోకుండా కాపాడుతుంది. ఇచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఆకే కదా, చెడుపేమీ చేయదు." ఆ మాట పట్టుకుని నేను మూడు వారాలు పోగొట్టాను. మీ ఇంట్లో అలా కాకూడదని ఇది రాస్తున్నాను.

సీసా మూత తీయకముందు

నాలుగో వారంలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మొదట అడిగింది మతిమరుపు గురించి కాదు, రోజూ ఏమేం మాత్రలు వేసుకుంటాడో చెప్పమన్నారు. నాయన సుగర్‌కు పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు. ఆ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గడం డాక్టర్లు తరచూ చూసేదే. పరీక్ష చేయిస్తే బాగా తక్కువగా ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక రెండు నెలలకు అరికాళ్ల తిమ్మిర్లు తగ్గాయి. మూడో నెలలో నాయన మళ్లీ పేపరు చదివి దాని మీద నాతో వాదన పెట్టుకున్నాడు.

అందరి మతిమరుపూ బి12 వల్ల వచ్చేది కాదు. అయినా సరిచేయగల కారణాలు ఏమన్నా ఉన్నాయేమో చూడకుండా మూలికలు పోల్చుకుంటూ కూర్చోవడం ఇల్లు కారుతుంటే గోడలకు సున్నం వేయడమే. థైరాయిడ్ తగ్గినా మతి మందగిస్తుంది. బీపీకి వాడే నీటి మాత్రల వల్ల సోడియం పడిపోయినా పెద్దవాళ్లు తికమకపడతారు. నిద్ర మాత్రలు, కొన్ని జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే కొన్ని మాత్రలు మెదడును మబ్బు కమ్మిస్తాయి. బాత్రూంలో జారిపడి తలకు చిన్న దెబ్బ తగిలి, వారాల తర్వాత లోపల రక్తం గూడుకట్టడం ఉంటుంది. భార్య పోయిన మగవాళ్లలో దిగులే మతిమరుపులా కనిపించడమూ ఉంటుంది. రక్తపరీక్షలు, అవసరమైతే ఒక స్కాన్ తీయిస్తే వీటిలో చాలావరకు తేలిపోతాయి. ఇవన్నీ అయ్యాకే కింద రాసిన పోలిక మీకు పనికొస్తుంది.

ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. మతి పోయే ఆల్జీమర్స్ జబ్బులోనూ, చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బులోనూ మెదడు కణాలు చచ్చిపోవడాన్ని మనుషుల్లో ఆపుతుందని రుజువైన మూలిక ఇప్పటివరకు ఒక్కటీ లేదు. "పరిశోధనల్లో తేలింది" అని సీసాల మీద రాసేది చాలావరకు గాజు గిన్నెలో పెంచిన కణాల మీదో, ఎలుకల మీదో చేసిన పని. గిన్నెలో మందును కణం మీదే పోస్తారు. మన ఒంట్లో అది పేగు దాటాలి, కాలేయం చేతిలో విరిగిపోకుండా మిగలాలి, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గట్టి అడ్డుపొర దాటాలి. చాలా మూలికల కథ ఈ దారిలోనే ఆగిపోతుంది. అలాగని మొక్కల్లో ఏమీ లేదనలేం. ఆల్జీమర్స్‌కు ఇచ్చే గాలంటమిన్ మంచుపూల జాతి మొక్కల దుంపల నుంచి వచ్చిందే, 2001లో అమెరికాలో అనుమతి పొందింది. అది కూడా లక్షణాలను కొంతకాలం తేలికపరుస్తుంది, కణాల చావును ఆపదు.

సరస్వతి ఆకు అని మీరు తెచ్చింది ఏ ఆకు?

మార్కెట్లో బ్రాహ్మి అన్న పేరుతో రెండు వేర్వేరు మొక్కలు నడుస్తున్నాయి. మా పెరట్లో తొట్టిలో ఉన్నది సరస్వతి ఆకు, సంస్కృతంలో మండూకపర్ణి. నేల మీద పాకుతుంది. ఆకు రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దది, గుండ్రం, కాడ దగ్గర నొక్కు, అంచు సన్నగా పళ్లుపళ్లుగా ఉంటుంది. రెండోది నీటి బ్రాహ్మి. నీళ్ల ఒడ్డున పెరుగుతుంది. ఆకులు వేలి గోరంత, మందంగా, కాడకు అటొకటి ఇటొకటి జంటలుగా ఉంటాయి, పూలు తెలుపులో లేత ఊదా కలిసినట్టు ఉంటాయి. నమిలితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నీటి బ్రాహ్మి చేదు నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మనుషుల మీద జరిగిన జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఎక్కువ నీటి బ్రాహ్మి మీదవే. రోజుకు 300 మిల్లీగ్రాముల సారం, 12 వారాలు ఇచ్చి చూసిన చిన్న పరీక్షల్లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు గుర్తుంచుకోవడంలో కొద్దిపాటి మెరుగు కనిపించింది. రెండు వారాలు వాడి ఏమీ కాలేదని మానేసేవాళ్లు ఆ 12 వారాల సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కట్లు కూడా ఉన్నాయి: కడుపులో తిప్పడం, విరేచనాలు. గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లు, థైరాయిడ్ మాత్రలు, ఆల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపిజిల్ వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు.

మండూకపర్ణికి రుజువు అంతకన్నా తక్కువ, పేరు ప్రతిష్ఠలు మాత్రం ఎక్కువ. మేధకు మంచివని చరకుడు చెప్పిన నాలుగింటిలో ఇదొకటి. మిగతావి అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. కూరాకుగా తినడానికైతే రెండింటిలో నేను దీన్నే ఎంచుకుంటాను. మా అమ్మ గుప్పెడు ఆకు నూనెలో మగ్గించి, వేయించిన చెనిక్కాయలు, ఎండుమిర్చి, చింతపండు వేసి రోట్లో ఊరిబిండి నూరుతుంది. సంగటిలోకి బాగుంటుంది. వారంలో రెండు మూడు సార్లు అలా తింటే మందు వాడుతున్నామన్న ఆశా ఉండదు, భయమూ ఉండదు. ఒక్క జాగ్రత్త: ఇది తేమ నేలలో, కాలువల పక్కన పెరిగే ఆకు. మురుగు పక్కన కోసింది తేవద్దు. తొట్టిలో పెంచుకోవడం చాలా తేలిక, ఒక్క కణుపు నాటితే నెలలో తొట్టంతా పాకుతుంది.

పెన్నేరు గడ్డ

అశ్వగంధను మన పెద్దలు పెన్నేరు గడ్డ అనేవాళ్లు. దీనికి కాస్త మంచి రుజువు ఉన్నది నిద్ర, టెన్షన్ విషయాల్లో. రాత్రి రెండింటికే లేచి కూర్చునే మనిషికి నిద్ర కుదిరితే పగటి మతి కూడా కుదురుతుంది కాబట్టి దాని మేలు ఆ దారిలో రావచ్చు. కణాలను కాపాడుతుందనడం మాత్రం ఇంకా ఎలుకల దగ్గరే ఉంది.

మనవాళ్లు పట్టించుకోనిది కాలేయం సంగతి. అశ్వగంధ వాడినవాళ్లలో కొందరికి కామెర్లు వచ్చినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. అది చాలా అరుదని నేనూ ఒప్పుకుంటాను. అయినా వాడేటప్పుడు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ రోజే ఆపి డాక్టరును చూడాలి. థైరాయిడ్ హార్మోన్‌ను ఇది పెంచగలదు. హార్మోన్ల మీద దీని ప్రభావం చూసే డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. నిద్ర మాత్రల మత్తును, సుగర్, బీపీ మాత్రల పనిని కూడా పెంచవచ్చు. మా చిన్నాయనకు థైరాయిడ్ మాత్ర ఉంది. అశ్వగంధ ఆరు నెలలుగా వాడుతున్నాడు, డాక్టరుకు ఒక్కసారీ చెప్పలేదు. "ఆయన అడగలేదు, నేను చెప్పలేదు" అంటాడు. నాకు భయమేసింది.

పసుపు

మైదుకూరు చుట్టుపక్కల పసుపు పండే జిల్లా మనది, దాని మీద అభిమానం సహజం. పసుపులో మందుగా చెప్పే కర్క్యుమిన్ అనే పదార్థం వందకు మూడు పాళ్ల దాకా ఉంటుంది, అందులోనూ రక్తంలోకి చేరేది బహు తక్కువ. మిరియాల్లోని పిపెరిన్ కలిపితే ఇరవై రెట్లు ఎక్కువ చేరుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. లాస్ ఏంజెలెస్‌లో 40 మందికి 18 నెలలు, బాగా ఒంటబట్టేలా తయారుచేసిన కర్క్యుమిన్ ఇస్తే జ్ఞాపకశక్తి కొంత మెరుగైంది. ఆల్జీమర్స్ వచ్చేసినవాళ్లకు 24 వారాలు ఇచ్చిన ఇంకో పరీక్షలో మేలేమీ కనబడలేదు. కూరలో పసుపు, చారులో మిరియాలు మనం ఎలాగూ వేస్తాం, అది చాలు. పిపెరిన్ కలిపిన మాత్రలు నేను కొన్నవి పక్కన పెట్టేశాను. కర్క్యుమిన్‌తో పాటు మిగతా మాత్రలను కూడా అది ఎక్కువగా రక్తంలోకి ఎక్కిస్తుంది, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ లాంటివి అందులో ఉన్నాయి. మరీ మిలమిల మెరిసే పసుపు కొనకండి. రంగు కోసం సీసం కలిపిన రంగు వేసేవాళ్లున్నారు, సీసం నేరుగా మెదడుకే విషం.

దూలగొండి: నిజంగా పనిచేసేది, అందుకే ప్రమాదం

చిన్నప్పుడు బడి పక్క కంచె మీద దూలగొండి కాయలు వేలాడేవి. గోధుమ రంగు వెల్వెట్ గుడ్డ చుట్టినట్టు ఉంటాయి. ఆ నూగు ఒక్కటి మెడ మీద పడిందా, రక్తం వచ్చేదాకా గోక్కోవాల్సిందే. జేజి పేడ రాసి కడిగేది.

ఆ కాయలోని నల్ల గింజలో లెవోడోపా ఉంటుంది. పార్కిన్సన్స్‌కు ఈ రోజుకూ అన్నిటికన్నా బాగా పనిచేసే మందు అదే. దూలగొండి గింజలో అది ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. గింజ బరువులో వందకు నాలుగు నుంచి ఆరు పాళ్లు అదే. అంటే ఒక చెంచా పొడిలో, ఐదు గ్రాములనుకుంటే, రెండు మూడు వందల మిల్లీగ్రాముల అసలు మందు ఉన్నట్టు. 2004లో లండన్‌లో ఎనిమిది మంది పార్కిన్సన్స్ రోగులకు 30 గ్రాముల గింజల పొడి ఇస్తే, మామూలు మాత్రకన్నా త్వరగా పని మొదలుపెట్టింది. కాబట్టి "నాటు మందు, దానిలో ఏముంది" అనేవాళ్లూ తప్పే, "నాటు మందు, ఏం చెడుపు చేస్తుంది" అనేవాళ్లూ తప్పే.

పార్కిన్సన్స్‌లో, ఒంటి కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు చచ్చిపోతాయి. చెయ్యి వణుకు బయటపడేసరికే దాదాపు సగం పోయి ఉంటాయి. లెవోడోపా, అది మాత్రలో ఉన్నా గింజలో ఉన్నా, తగ్గిన డోపమైన్‌ను పూరిస్తుంది. నడక తేలికవుతుంది, ముఖంలో కళ వస్తుంది. లోపల కణాలు పోవడం మాత్రం ఆగదు. చెరువుకు గండి పడినప్పుడు ట్యాంకరుతో నీళ్లు తెచ్చి పోసినట్టు.

మాత్రకూ గింజకూ అసలు తేడా ఇది. ఆసుపత్రి మాత్రలో లెవోడోపాతో పాటు కార్బిడోపా ఉంటుంది. లెవోడోపా మెదడుకు చేరకముందే ఒంట్లో ఖర్చయిపోకుండా అది కాపాడుతుంది. గింజలో ఆ కాపలా లేదు, అందుకే వాంతులు, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం ఎక్కువ. ఒక సంచి గింజల్లో ఉన్నంత మందు ఇంకో సంచిలో ఉండదు. ఇప్పటికే మాత్రలు వాడే మనిషి ఎవరికీ చెప్పకుండా ఈ పొడి కలుపుకుంటే అది రెండో డోసు వేసుకున్నట్టే. ఒళ్లు మెలికలు తిరిగిపోవచ్చు, లేని మనుషులు కనబడవచ్చు. దాన్ని చూసి ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందని ఏడుస్తారు, డాక్టరు మాత్రలు మారుస్తారు, పొడి సంగతి ఎవరూ చెప్పరు.

కాబట్టి దూలగొండి ఆయుర్వేద డాక్టరు రాసినా సరే, నరాల డాక్టరుకు తెలిసే జరగాలి. వాడుతున్న లెవోడోపా మాత్రలు హఠాత్తుగా ఆపి దీనికి మారకూడదు, అలా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. చెయ్యి వణకని, మతిమరుపు మాత్రమే ఉన్న మా నాయనలాంటివాళ్లకు దీనితో పనే లేదు. ఎదురింటి పెద్దాయన మంచి మనసుతో ఇచ్చాడు. ఆయన సీసా ఆయనకు తిరిగి ఇచ్చి, ఎందుకో కూర్చోబెట్టి చెప్పాను.

తక్కిన మూడూ

జింకో అనే చెట్టు ఆకు సారం మీద చాలా పెద్ద పరీక్షే జరిగింది. 75 ఏళ్లు దాటిన మూడు వేల మందికి పైగా ఏళ్ల తరబడి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. 2008లో ఫలితం వచ్చింది: మతిమరుపు జబ్బు రాకుండా అది ఆపలేదు. స్టెంటు వేయించుకుని రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్లకు రక్తస్రావం భయం అదనం. మా అక్క కొడుకు ప్రేమగా పంపాడు, ప్రేమగానే వద్దని చెప్పాను.

వస కొమ్ము సానరాయి మీద అరగదీసి నాకించి పెంచిన పిల్లలం మనం, వసపిట్ట అన్న మాటే దాని నుంచి వచ్చింది. అయితే మన దేశపు వసలో బీటా అసరోన్ అనే రసాయనం ఎక్కువ. అది ఎలుకల్లో గడ్డలు పుట్టించిందని 1968లో అమెరికా దీన్ని ఆహారంలో నిషేధించింది. బ్రాహ్మీ ఘృతంలో వస కూడా పడుతుందని చాలామందికి తెలియదు. పెద్దవాళ్లకు రోజూ ఏళ్ల తరబడి వాడడానికి నేను ఒప్పుకోను.

శంఖపుష్పి పేరుతోనూ రెండు మూడు మొక్కలు అమ్ముతారు. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడేవాళ్లు శంఖపుష్పి సిరప్ తాగితే రక్తంలో ఆ మందు తగ్గి ఫిట్స్ తిరగబెట్టవచ్చు. అలాంటి ఇంట్లో ఈ సిరప్ ఉండకూడదు.

ఆకా, పొడా, క్యాప్సూలా

ఆకు కంటికి కనబడుతుంది, గుర్తుపట్టవచ్చు. పొడి చేశాక ఏది ఏదో దేవుడికే తెలియాలి. అంగట్లో పేరు లేని పొట్లం కన్నా లేబుల్ ఉన్నదే నయం. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి, గడువు తేదీ ఉంటాయి. ఆహార లైసెన్సు నంబరు మాత్రమే ఉంటే అది మందు కాదు, ఆహారం కింద అమ్ముతున్నది. సారస్వతారిష్టం లాంటి అరిష్టాల్లో పులియడం వల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, నిద్ర మాత్రలు వాడే పెద్దవాళ్లకు అది కుదరదు. లోహాలు కాల్చి చేసే భస్మాలు, పాదరసంతో చేసే రస ఔషధాలు కలిసిన మాత్రలైతే నా మాట సూటిగా: వద్దు. అమెరికాలో అంగళ్ల నుంచి కొని పరీక్షించి 2004లో ఫలితం ప్రకటించిన 70 ఆయుర్వేద మందుల్లో ఐదింటికి ఒకటి చొప్పున సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది.

మరి ఎవరికి ఏది

యాభై దాటి, ఇంకా ఏ ఇబ్బందీ లేక, ముందుజాగ్రత్త కావాలనుకునేవాళ్లకు: సరస్వతి ఆకు పచ్చడి, కూరలో పసుపు. మీ డబ్బు, శ్రద్ధ అసలు పెట్టాల్సింది బీపీ మీద. 2019లో బయటికొచ్చిన ఒక పరీక్షలో, తొమ్మిది వేల మందికి పైగా బీపీ రోగుల్లో, పైనంకెను 120 లోపుకు తేవాలని చూసినవాళ్లలో మతిమరుపు తొలి దశ వందకు 19 పాళ్లు తక్కువగా వచ్చింది. నేను పైన రాసిన మూలికల్లో ఏ ఒక్కదానికీ అంత పెద్ద రుజువు లేదు. చెవుడు వస్తే మిషన్ పెట్టించండి. వినబడని మనిషి మాటలు మానేస్తాడు, మాటలు మానేస్తే మెదడు మొద్దుబారుతుంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక 2024 నాటి నివేదిక బీపీ, సుగర్, చెవుడు, చూపు, పొగ, ఒంటరితనం లాంటి 14 కారణాలను సరిచేసుకుంటే మతిమరుపు జబ్బుల్లో దాదాపు 45 శాతం ఆపవచ్చో, వెనక్కి నెట్టవచ్చో అంటుంది.

మతిమరుపు ఇప్పుడే మొదలైనవాళ్లకు: ముందు రక్తపరీక్షలు. అన్నీ బాగుండి, డాక్టరు సరేనంటే నీటి బ్రాహ్మి క్యాప్సూల్ 12 వారాలు చూడవచ్చు. నిద్రే సమస్యైతే, థైరాయిడ్, కాలేయం బాగుంటే అశ్వగంధ. రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి, ఏదన్నా తేడా వస్తే దేనివల్లో తెలియదు.

ఆల్జీమర్స్ అనో పార్కిన్సన్స్ అనో తేలినవాళ్లకు: రాసిన మాత్రలు వేళ తప్పకుండా వేయడమే మొదటి పని. లెవోడోపా మాత్రను అన్నానికి అరగంట ముందు వేయాలి, పప్పు, గుడ్లు, మాంసంతో కలిస్తే సరిగా ఒంటబట్టదు. మూలిక ఏది కలపాలన్నా నరాల డాక్టరుకూ, ఆయుర్వేద డాక్టరుకూ తెలియాలి.

రిమ్స్‌కు పోయినా ప్రైవేటుకు పోయినా ఒక సంచిలో ఇంట్లో ఉన్న మాత్రలు, పొడులు, లేహ్యాలు, అత్త పంపిన సీసాతో సహా, అన్నీ వేసుకుని పోయి టేబుల్ మీద పెట్టండి. నేను నాలుగో వారంలో చేసిన ఆ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది.

ఇప్పుడు నాయన సాయంత్రం పూట దేవుని కడప చెరువు దాకా నడిచిపోతాడు. జేబులో ఇంటి నంబరు రాసిన చీటీ ఉంటుంది. ఇంకా కొన్ని పేర్లు తడుముకుంటాడు. నెలకోసారి బి12 ఇంజెక్షన్ తేదీని క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టేది మాత్రం ఆయనే.